మరమ్మతుకై విదేశమేగు లెన్సు: బయలుదేరుచోటనే నిలుపుకొనవలసిన హక్కు

మొగలుల పాలనాకాలమున తాపీ నదీతీరమందు ఫుర్జా యను సుంకశాల వెలసియుండి, 1608లో హెక్టర్ అను ఓడపై వచ్చిన విలియం హాకిన్స్ మొదలుకొని ఏ విదేశవర్తకుడును దాని కంటబడక సరకు దింపజాలని కాలమొకటి సూరత్ నగరమునకుండెను. ఆ నగరముననే నేడు సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గములవెంట వచ్చిన తెలుగు కుటుంబములు వేలకొలది లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో స్థిరపడి, తమ బిడ్డలను నగరపాలక సంస్థవారి తెలుగు పాఠశాలలకు పంపుకొనుచున్నవి. వీరిలో రింగురోడ్డు బజారుల చీరెల కేటలాగులకో, పెండ్లిండ్లకో ఫోటోలు తీసి బ్రతుకు యువకుడొకడు, తన కష్టార్జితమంతయు వెచ్చించి కొన్న లెన్సును మరమ్మతుకై విదేశమునకు పంపవలసివచ్చినప్పుడు, పాత ఫుర్జాకు వారసురాలైన కస్టమ్స్ శాఖతో అతనికి మొదటి పరిచయము కలుగును. ఆ పరిచయము నష్టముగా పరిణమింపకుండుటకై ఈ వారపు సలహా.

సముద్రసమీపమగుటచే సూరత్ గాలిలో తేమ యధికము. వానకాలమున పెట్టెలో మూసియుంచిన లెన్సుకు బూజుపట్టుట ఇచ్చటి ఫోటోగ్రాఫర్లందఱు ఎఱిగిన బాధయే. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరమున అధికభాగమును ముంచినపుడు తడవని సామగ్రి ఎంత మిగిలెనో ఆనాటివారినడిగిన తెలియును. సామాన్యమైన శుభ్రత మన దేశమునందే జరుగును. కాని అద్దముల జిగురు విడిపోయినపుడో, విడిభాగము తయారీదారుని యొద్దతప్ప మఱెక్కడను దొరకనపుడో, లైకా లెన్సయినచో జర్మనీలోని వెట్స్‌లార్ పట్టణమునకు, ఇతరములైనచో వాని వాని స్వస్థానములకు పంపుట తప్పదు.

పంపుట సులభమే. తిరిగివచ్చునపుడు చిక్కు. 1962 నాటి కస్టమ్స్ చట్టము 20వ సెక్షను ప్రకారము, ఒకసారి దేశము దాటిపోయిన వస్తువు తిరిగివచ్చినపుడు, అది మనదే యైనను, అట్టి రకపు, అట్టి విలువగల క్రొత్త దిగుమతికెంత సుంకమో అంతయు చెల్లింపవలసియుండును. అనగా రెండులక్షల లెన్సుకు ముప్పదివేల మరమ్మతు చేయించి తెప్పించినను, సుంకము రెండులక్షలమీదనే. ఈ కాఠిన్యమును తొలగించుటకే కేంద్రప్రభుత్వము మినహాయింపు నోటిఫికేషనులను వెలువరించుచు వచ్చినది. 2017 జూన్ 30 నాటి 45వ నంబరు కస్టమ్స్ నోటిఫికేషన్ అట్టిది. దానిలోని సూత్రమేమన, మరమ్మతుకై ఎగుమతియై తిరిగివచ్చిన వస్తువునకు విలువ కట్టునపుడు, వాడిన విడిభాగములతో గూడిన మరమ్మతు ఖర్చును, రాకపోకల రవాణా, బీమా వ్యయములను మాత్రమే లెక్కింపవలెను. పై ఉదాహరణమున రానుపోను ఖర్చు ఎనిమిదివేలైనచో, సుంకము ముప్పదియెనిమిదివేలమీదనే పడును. మరమ్మతు వారంటీలో ఉచితముగా జరిగినను, దానికి న్యాయముగా ఎంత ఖర్చగునో అంత లెక్కకు వచ్చునని గూడ అందే చెప్పబడినది.

ఈ మినహాయింపు మూడు నియమములపై నిలిచియున్నది: మూడేండ్లలోపల వస్తువు తిరిగిరావలెను (తగిన కారణము చూపినచో కమిషనరు మఱి రెండేండ్లవఱకు పొడిగింపవచ్చును), యాజమాన్యము మాఱరాదు, పోయిన వస్తువే తిరిగివచ్చియుండవలెను. మొదటి రెండును సామాన్యముగా బాధపెట్టవు. మూడవదానియందే పౌరుడు ఓడిపోవుచుండును. ఏలయన, వచ్చిన లెన్సు పోయిన లెన్సేయని ఋజువు చేయవలసిన భారము అతనిది. ఆ ఋజువు పుట్టవలసినది వస్తువు తిరిగివచ్చిన దినమున కాదు, పంపిన దినమున. పంపునాడు నిద్రించినవాడు పిమ్మట ఎంత వాదించినను, చూపుటకు కాగితముండదు.

కావున మొదటిపని, ఎగుమతి పత్రమగు షిప్పింగ్ బిల్లులో, లేదా పోస్టు, కొరియరు మార్గమున దానికి బదులుగా నుండు పత్రములో, తయారీదారుని పేరు, నమూనా, లెన్సుపై చెక్కియున్న సీరియల్ నంబరు, "మరమ్మతుకై పంపి తిరిగి తెప్పించుకొనుటకు" అను మాట, స్పష్టముగా వ్రాయించుట. వీలైనచో ఎగుమతికి ముందే కస్టమ్స్ అధికారిచే పరీక్షింపజేసి, ఆ నంబరు సరిచూడబడినట్లు పత్రముపై వ్రాయింపుడు. కొన్ననాటి బిల్లు, మరమ్మతుశాలవారి అంచనా ఉత్తరము, నంబరు కనబడునట్లు తీసిన ఛాయాచిత్రములు జతచేయుడు. కొరియరు కౌంటరువద్ద పని త్వరగా తెమలునను ఉద్దేశముతో "శాంపిల్ అని వ్రాయుదము, బహుమతి అని వ్రాయుదము, విలువ అయిదువేలని వేయుదము" అని చెప్పువారుందురు. ఆ మాటకు ఎన్నడును ఒడంబడవలదని నేను గట్టిగా చెప్పుచున్నాను. బహుమతియని వ్రాసినచో యాజమాన్యము మాఱినట్లు మీరే ఒప్పుకొన్నట్లగును; అయిదువేలని వ్రాసినచో దారిలో పోయిన లెన్సుకు అయిదువేలకు మించి అడుగుటకు నోరుండదు; తెలిసి తప్పుడు ప్రకటన చేసినవానిపై కస్టమ్స్ చట్టము 114ఏఏ సెక్షను క్రింద వస్తువు విలువకు అయిదురెట్లవఱకు జరిమానా విధించు అధికారము గలదు.

మరమ్మతుశాలవారితో సైతము ముందే వ్రాతపూర్వకముగా ఒక మాట తేల్చుకొనుడు. బాగుచేయుటకు బదులు వేఱొక లెన్సును ఇచ్చు అలవాటు కొన్ని సంస్థలకున్నది. ఆ క్రొత్తది ఎంత మేలైనదైనను దాని నంబరు వేఱు. కస్టమ్స్ దృష్టిలో అది మీరు పంపిన వస్తువు కాదు. పూర్తి సుంకము తప్పదు.

ప్రయాణము చేయు వ్యక్తి తన లెన్సును తానే వెంట తీసుకొనిపోవునపుడు, విమానమెక్కుటకు ముందు కస్టమ్స్ కౌంటరులో వస్తువును చూపి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అను ధ్రువపత్రమును పొందవలెను. 2023 డిసెంబరులో కేంద్రమంత్రివర్గము అంతర్జాతీయ హోదా నిచ్చిన సూరత్ విమానాశ్రయమునుండి పోయినను, ముంబయినుండి పోయినను పద్ధతి ఇదియే. పరిచయస్థుని సంచిలో వేసి పంపుట మాత్రము మంచిది కాదు. తనది కాని వస్తువునకు అతడు జవాబు చెప్పలేడు.

దారిలో పోయిననో? ఇక్కడ చట్టము మనకు అంత దయగా లేదు. భారతి నిట్టింగ్ కంపెనీ, డీహెచ్‌ఎల్ వరల్డ్‌వైడ్ ఎక్స్‌ప్రెస్ వ్యాజ్యమున, జర్మనీకి పంపిన పత్రముల కవరు చేరక నష్టపోయిన పంపకందారునికి, సంతకము చేసిన కొరియరు రసీదుపై బాధ్యత నూఱు డాలర్లకు పరిమితమని అచ్చుపడియుండుటచే, నూఱు డాలర్లే దక్కునని 1996లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. విమాన రవాణాకు వర్తించు మాంట్రియల్ ఒప్పందమున సైతము, ప్రత్యేకముగా విలువ ప్రకటించి అదనపు రుసుము చెల్లింపనిచో, వాహకుని బాధ్యత 2024 డిసెంబరు 28నుండి కిలోకు 26 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధివారి లెక్కకొలత), అనగా మన లెక్కలో సుమారు మూడువేల రూపాయలు. కిలోన్నర లెన్సుకు ఏమి వచ్చునో పాఠకులే ఊహింపగలరు. అందుచే రసీదులో నిజమైన విలువను ప్రకటించి బీమా చేయించుట, తిరిగి అందినపుడు పెట్టె విప్పుట వీడియో తీయుట, దెబ్బతిన్నట్లు కనబడినచో అందిన పదునాలుగు దినములలోపల వాహకునకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుట, అవశ్యకర్తవ్యములు.

లెన్సు తిరిగి మన దేశము చేరిన తరువాత, మరమ్మతు బిల్లు, వెనుకటి ఎగుమతి పత్రము, సీరియల్ నంబరు చిత్రములు కొరియరువారికి ముందే పంపి, దిగుమతి పత్రమగు బిల్ ఆఫ్ ఎంట్రీలో ఆనాటికి అమలులోనున్న మరమ్మతు మినహాయింపును పేర్కొనవలసినదిగా వ్రాయుడు. మీరడుగనిచో వారు పూర్తి విలువపైననే లెక్కగట్టి, చెల్లించి, మీ గుమ్మములో సొమ్మడుగుదురు. అధికారి మినహాయింపు నిరాకరించినచో, ఒప్పుకొనుచున్నట్లు సంతకము చేయవలదు. అట్లు చేయనపుడు కస్టమ్స్ చట్టము 17(5) సెక్షను ప్రకారము ఆయన పదునైదు దినములలో కారణములతో గూడిన ఉత్తరువు నీయవలెను. దానిపై 128వ సెక్షను క్రింద అరువది దినములలో కమిషనర్ అప్పీల్స్ యెదుట అప్పీలు చేసికొనవచ్చును. సొమ్ము కట్టి లెన్సు విడిపించుకొని పిమ్మట వాపసు అడుగుదమను ఆలోచన, ఐటీసీ సంస్థ వ్యాజ్యమున 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, ఒంటరిగా నిలువదు. మదింపు ఉత్తరువును సవాలు చేయక వాపసు లేదు. అత్యవసరమై కట్టవలసివచ్చినచో అభ్యంతరముతో కట్టుచున్నట్లు వ్రాసియే కట్టుడు. వాపసుకున్న ఏడాది గడువు అపుడు వర్తింపదు.

మరమ్మతు ఖర్చుపై ఐజీఎస్‌టీ (సమీకృత వస్తుసేవల పన్ను) సంగతి విమానయంత్రములను విదేశములలో బాగుచేయించు ఇండిగో సంస్థ నడిపిన పోరాటము మూలమున వెలుగులోనికి వచ్చినది. 2020లో కస్టమ్స్ ట్రిబ్యునల్ ఆ సంస్థ పక్షమున తీర్పు చెప్పగా, 2021 జూలై 19న ప్రభుత్వము పైని చెప్పిన 2017 నోటిఫికేషనును సవరించి ఆ పన్నును గూడ చేర్చెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ సవరణను చెల్లదనెను. జీఎస్‌టీ నమోదు గల స్టూడియో యజమానులు ఈ తీర్పును తమ లెక్కల నిపుణునకు చూపవలెను.

చివరకు, లెన్సును నేరుగా గాక ఇక్కడి అధీకృత సర్వీసుకేంద్రము ద్వారా విదేశమునకు పంపినవారి స్థితి బలమైనది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను ప్రకారము, పరవస్తువును చేతబట్టినవాడు వివేకవంతుడు తన సొంతదానిపై చూపు జాగ్రత్తనే చూపవలెను. వస్తువు వారి చేతినుండి విదేశమునకు పోయినది గనుక తమ బాధ్యత తీరినదను వారి సమాధానము నిలువదగినది కాదు. బాగుచేసిన పనికి రావలసిన కూలి చెల్లించువఱకు లెన్సును పట్టియుంచు హక్కు 170వ సెక్షను వారికిచ్చినదిగాని, మీ పాత బాకీలకై పట్టియుంచు హక్కు దానివలన రాదు. సేవాలోపముపై 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఫిర్యాదు చేయువాడు ఫోటోలు తీసి సంపాదించుకొనువాడైనచో, "ఇది వ్యాపారము గావున నీవు వినియోగదారుడవు కావు" అని ఎదుటిపక్షము అనక మానదు. తన జీవనోపాధికై తానే పనిచేయుచు తానే వాడుకొను వస్తువు వాణిజ్య ప్రయోజనము క్రిందికి రాదని 2(7) సెక్షను వివరణ చెప్పుచున్నది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వ్యాజ్యమున 1995లోనే సుప్రీంకోర్టు ఈ భావమును విశదపఱచెను. పదిమంది ఉద్యోగులను పెట్టి స్టూడియో నడుపువానికి ఈ వాదము కష్టము. ఒంటిగా కెమెరా మోయువానికి సుకరము. సర్వీసుకేంద్రము ముంబయిలో నున్నను, అదే చట్టము 34వ సెక్షను ప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించుచోటనే, అనగా సూరత్ జిల్లా కమిషనులోనే, రెండేండ్లలోపల ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలము అయిదులక్షలకు మించనిచో రుసుము లేదు. తొలిమాటకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేసిన చాలును.