పాలపళ్ళ బెంగలు: సందేహాలు - సమాధానాలు

మా చెల్లెలి పాపకి 8వ నెల. పైపళ్ళు ముందొచ్చాయి. మేనమామకి గండమని మా అమ్మ ఒకటే ఏడుపు. ఆ మేనమామని నేనే. నమ్మకం లేదు గానీ మొన్న బండి మీంచి జారి పడ్డాక భయం పట్టుకుంది.
– ఒక మేనమామ, కోరుకొండ

బండి మీంచి పడ్డ దెబ్బకి మందు రాయించుకోండి బాబూ, పాప పళ్ళకీ దానికీ ఏ సంబంధమూ లేదు. చాలామంది పిల్లలకి 6వ నెల అటూఇటూగా కింది ముందుపళ్ళు మొదట కనిపిస్తాయి, కొందరికి పైవి ముందొస్తాయి, అంతే. వరస మారినా మూడేళ్ళు వచ్చేసరికి 20 పాలపళ్ళూ వచ్చేస్తాయి. ఏడాదిన్నర దాటినా ఒక్క పన్నూ రాకపోతే అప్పుడు చూపించండి. అమ్మగారు శాంతి చేయిస్తానంటే చేయించనివ్వండి, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

ఆశా వర్కరు ఇచ్చిన ఐరన్ సిరప్ తాగుతున్న మా రెండేళ్ళ బాబుకి పళ్ళ మీద నల్లచారలు వచ్చాయి. పుచ్చిపోయినట్టేనా?
– ఒక తల్లి, కోరుకొండ మండలం

కంగారు పడకండమ్మా, అది చాలావరకు సిరప్ మరకే, పన్ను పైపైనే ఉంటుంది, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. మందు మాత్రం మానకండి. నాలుక వెనక భాగంలో పోసి వెంటనే మంచినీళ్ళు పట్టండి. పుచ్చు అయితే గుంట పడుతుంది, మెతుకులు ఇరుక్కుంటాయి. అలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయకండి.

తీర్థానికి వెళ్ళి కొండ మెట్లు దిగుతూ మా తొమ్మిదేళ్ళ అబ్బాయి పడ్డాడు. పై ముందుపన్ను వేరుతో సహా ఊడొచ్చింది. కాగితంలో చుట్టి మర్నాడు తీసుకెళితే ఇక లాభం లేదన్నారు. నా చేతగానితనం వల్లే కదా?
– ఒక తండ్రి

మీ తప్పు కాదండి, ఇది ఎవరూ చెప్పని సంగతి. ప్రస్తుతానికి తీసి పెట్టుకునే కట్టుడుపన్ను వేయిస్తే నవ్వూ మాటా బాగుంటాయి, ఖాళీ మూసుకుపోదు. ఎదుగుదల పూర్తయ్యాక శాశ్వతమైనది పెట్టించవచ్చు.

ఇంకో బిడ్డకి పనికొస్తుందని చెబుతున్నాను. ఊడిన పన్ను వేరుకి సన్నటి జీవపొర ఉంటుంది, అది ఎండితే చచ్చిపోతుంది. అందుకే కాగితమూ పసుపూ పనికిరావు. తెల్లని భాగం పట్టుకుని, మట్టి ఉంటే మంచినీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, మళ్ళీ ఆ గుంటలోనే నిలబెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికించండి. ధైర్యం చాలకపోతే టీకొట్లో చల్లటి పాలు అడిగి, వాటిలో పన్ను వేసుకుని పరుగెత్తండి. అరగంటలో చేరితే మేలు, గంట దాటితే అవకాశం బాగా తగ్గుతుంది. దగ్గర్లో పళ్ళ డాక్టరు ఎవరున్నా సరే, లేదంటే రాజమండ్రి, రాజానగరం జీఎస్‌ఎల్ డెంటల్ కాలేజీ ఉన్నాయి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు. పడ్డాక వాంతులైనా, మత్తుగా ఉన్నా పన్ను సంగతి తర్వాత, ముందు పెద్దాసుపత్రి.

మా నాలుగేళ్ళ పాప దవడపన్ను పుచ్చి రాత్రిళ్ళు ఏడుస్తోంది. ఎలాగూ ఊడేదే, పీకించేయమంటారు మావారు. డాక్టరేమో రూట్ కెనాల్ అంటున్నారు. ఇంత చిన్నపిల్లకా?
– ఒక గృహిణి, రాజమండ్రి

పెద్దవాళ్ళకి చేసినంత పెద్ద పని కాదమ్మా. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, చెడిన నరం తీసి, మందు పెట్టి, స్టీలు క్యాప్ తొడుగుతారు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకే ఊడతాయి గానీ పాల దవడపళ్ళు 10, 12 ఏళ్ళ దాకా ఉండాలి. ఆర్టీసీ బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు అవి రాబోయే పన్నుకి చోటు కాస్తాయి. తువ్వాలు తీసేస్తే పక్కవాళ్ళు జరిగొచ్చేస్తారు. ఒక్కోసారి పన్ను మరీ పాడైతే పీకక తప్పదు, అప్పుడు ఆ చోటు మూసుకోకుండా చిన్న తీగ పెడతారు. బుగ్గ వాచి జ్వరం వస్తే ఆ రోజే చూపించండి. వాపు కంటి దాకా పాకినా, గుటక పడకపోయినా అర్ధరాత్రైనా ఆగకండి. ఇంకో మాట, నిద్రలో పాలసీసా ఉంటే మానిపించండి. జీళ్ళు కొనిపెడితే భోజనంతోపాటే పెట్టి, పడుకునే ముందు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే పళ్ళు తోమండి.