బాణమును పైకి చదువుము



పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మాన్యువలులోని పటములను సరిచూచు పని నీకప్పగించిరని నీ ఉత్తరమువలన తెలిసి మిక్కిలి సంతసించితిని. వాక్యమందలి తప్పును ముందువెనుకల వాక్యములు పట్టియిచ్చును. పటమందలి తప్పునకు అట్టి సాక్షులుండరు, ఒక్కసారి కంటబడినచో చదువరి మనస్సున నాటుకొనిపోవును. కావున సొగసు చూచి సరిపెట్టుకొనక, ప్రతి బాణమును ఒక పూర్ణవాక్యముగా పైకి చదువుము: ఏది, దేనిని, ఎచటికి, ఎప్పుడు పంపుచున్నది? వాక్యము కుదరనిచో బాణము తప్పు.

ఇది నేను దెబ్బతిని నేర్చిన పాఠము. చాల ఏండ్ల క్రిందట నేను సమ్మతించిన యొక పటములో, కమిట్ కాగానే మెమరీలోని పేజీ నేరుగా డేటా ఫైలునకు పోవునట్లు లావుపాటి బాణముండెను. వాల్ అనబడు లాగు ఒక మూల చిన్న పెట్టెగా మిగిలెను. నిజమునకు కమిట్ వేళ డిస్కునకు చేరి తీరవలసినది ఆ లాగే. డేటా పేజీ చెక్‌పాయింటు నాటికి తీరుబడిగా చేరవచ్చును. ఆ పటమును నమ్మిన యొక అడ్మినిస్ట్రేటరు, డిస్కు నిండిన రాత్రి, లాగు ఫైళ్లను పనికిరానివని తుడిచివేసెను. తెల్లవారునప్పటికి సర్వరు లేవలేదు. ఇట్టి పొరపాట్లు పలుచోట్ల జరుగుటచేతనే 2017 నాటి 10వ వెర్షనులో ఆ లాగు ఫైళ్లుండు డైరెక్టరీ పేరును పీజీ_ఎక్స్‌లాగ్ నుండి పీజీ_వాల్‌గా మార్చిరి. బాణమును దిద్దుట నా వంతు. అది నేను సకాలమున చేయనైతిని.

ఇక పేజీ నిర్మాణపటము. 8192 బైట్ల పేజీలో తొలి 24 బైట్లు హెడరు. దాని వెంట ఒక్కొక్కటి 4 బైట్ల పాయింటర్లు ముందునకు పెరుగుచుండగా, వరుసలు మాత్రము పేజీ చివరనుండి వెనుకకు పేరుకొనుచు వచ్చును. నడుమనున్న ఖాళీ ఇరువైపులనుండి కృశించును. నీవొక కాగితముపై పేజీ గీసి మూడు వరుసలు చేర్చుము; నాలుగవది ఎచట చేరునో ఆ పటమును చూచి చెప్పలేకపోయినచో దానిని తిప్పి పంపుము. చివరనుండు ప్రత్యేకస్థలము టేబుల్ పేజీలో శూన్యము. బీ-ట్రీ ఇండెక్సు పేజీలోనో, ఇరుగుపొరుగు పేజీల జాడలు అందే యుండును. రెంటికి ఒకే పటమును వాడినచో ఆ భేదమును చెప్పి తీరవలెను.

ప్రతి పటమునకు మూలమైన ఫైలు నుండి ఎస్‌వీజీ బొమ్మను నీవే మరల పుట్టించి, రెండును సరిపోవుచున్నవో లేదో చూడుము. రంగులు లేకుండ అచ్చు వేసి చూచుటయు మరువకుము. గీసినవారి శ్రమను మెచ్చుకొని, తప్పును మాత్రము మొగమాటము లేక వ్రాయుము.

మొదటి పటముపై నీవు వ్రాసిన వ్యాఖ్యలను నాకు పంపుము, ఎదురుచూచుచుందును.

ఇట్లు,
నీ మేనమామ