మంగళవారం నాది

ఏమమ్మా, శ్రావణమాసం అంటే మీ ఇళ్ళలో ఎంత హడావుడో నాకు తెలుసు. నా కుట్టుమిషనైతే అసలు ఆగదు. వరలక్ష్మీవ్రతానికి జాకెట్లు, పెళ్ళిళ్ళకి జాకెట్లు, చీరలకి ఫాల్స్, పికో... ఆ రోజుల్లో ఎవరు రమ్మన్నా "ఊపిరాడటం లేదమ్మా" అనేదాన్ని.

నిరుడు సరిగ్గా అప్పుడే నా చిన్ననాటి స్నేహితురాలికి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు. గురు, శనివారాలు వాళ్ళాయన ఎలాగో సర్దుకుంటాడు. మంగళవారం కుదరదు, ఒక్కతే ఆటోలో వెళ్ళొచ్చేది. అయ్యాక ఒక్కోసారి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. "ఏదైనా అవసరమైతే చెప్పవే" అన్నాను ఫోన్‌లో. "అలాగేలే" అంది. నెల గడిచినా ఒక్కసారీ అడగలేదు. ఎలా అడుగుతుంది చెప్పండి? నా మిషన్ చప్పుడు తనకీ వినబడుతూనే ఉండేది కదా!

ఒకరోజు చీటీ డబ్బు తీసి పక్కన పెడుతుంటే తట్టింది. చీటీ మిగిలిన డబ్బుతో కట్టం. చేతికి రాగానే ముందు ఆ వాటా తీసేస్తాం, ఆ తర్వాతే ఉప్పూ పప్పూ. మిగిలితే కడదామనుకుంటే ఏ నెలా కట్టలేం. తీరికా అంతేనమ్మా. వెంటనే ఫోన్ చేసి, "ఇకనుంచి మంగళవారం నాది" అన్నాను. "మరి నీ పనో?" అంది. "హుక్కులూ హెమ్మింగూ అక్కడే కూర్చుని చేసుకుంటాలేవే" అన్నాను.

మొదటి వారం ప్రేమగా కొబ్బరిబోండాం పట్టుకెళ్ళాను. నర్సమ్మ ఆపింది. అందులో పొటాషియం ఎక్కువట. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఒంట్లో పేరుకుంటే గుండెకే ముప్పు. అరటిపండుతోనూ అదే భయం. మంచినీళ్ళు కూడా డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే. అభిమానం ఒక్కటే చాలదు, ఎదుటి మనిషికి ఏది పడుతుందో తెలుసుకోవాలని ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

డయాలసిస్ సూదుల కోసం నా స్నేహితురాలి ఎడమచేతికి ఆపరేషన్ చేసి, రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. తను నా వేళ్ళు పట్టుకుని దానిమీద ఆనించింది. లోపల సన్నగా జుమ్మంటోంది. ఆ చేత్తో బరువు మోయకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, బిగుతుగా గాజులు కూడా వేయకూడదు. అప్పుడు పడింది నా కన్ను తన జాకెట్టు మీద. చెయ్యి బిగుతుగా ఉంది. సూదులు పెట్టేటప్పుడు పైకి లాక్కోలేక అవస్థ పడుతోంది. ఇరవయ్యేళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, ఇంతకాలం నాకా సంగతే తెలియదు. ఫోన్‌లో తనెప్పుడూ చెప్పలేదు మరి!

ఆ వారమే ఆరు జాకెట్లకి ఎడమచెయ్యి కుట్టు విప్పి, వదులు చేసి, పక్కన తెరుచుకునేలా హుక్కులు పెట్టిచ్చాను.

అందుకే చెబుతున్నాను చెల్లెళ్ళూ, "అవసరమైతే చెప్పు" అని ఊరుకోకండి. అడగడం వాళ్ళకి ఇంకో బరువు. ఒక రోజు, ఒక పని మీరే పేరు పెట్టి చెప్పండి. వారం కుదరకపోతే నెలకో పూట. చెప్పిన రోజుకి మాత్రం వెళ్ళి తీరండి.

ఇప్పుడు మంగళవారం నాలుగు గంటలూ ఇట్టే గడిచిపోతాయి. ఎడమచెయ్యి కదపకుండా, కుడిచేత్తో డబ్బాలోంచి ఒక్కో హుక్కూ తీసి తను అందిస్తూ ఉంటుంది, నేను కుడుతూ ఉంటాను.