చిన్న ఇంజన్లు – రోగ నిర్ధారణ

మన మెకానికల్ విద్యార్థి ఒట్టో సైకిలు పి.వి. డయాగ్రాం కళ్లు మూసుకుని గీయగలడు. అదే విద్యార్థికి స్టార్టు కాని స్ప్రేయరు ఇంజను ఒకటి ఇచ్చి చూడండి. ముందుగా స్పానరు కోసం చెయ్యి చాస్తాడు. ఒకప్పుడు నేనూ అలాగే చాచినవాణ్ణి గనుక ఈ నాలుగు మాటలు రాసే అర్హత నాకుందనుకుంటున్నాను.

పొలంలో పంపుసెట్టు గానీ, దుకాణం ముందు జనరేటరు గానీ, ఒంటి సిలిండరు పెట్రోలు ఇంజను నడవాలంటే నాలుగు కుదరాలి. సరిపడా గాలితో కలిసిన పెట్రోలు, దాన్ని గట్టిగా నొక్కే కంప్రెషను, బలమైన స్పార్కు, ఆ స్పార్కు సరైన క్షణంలో పడటం. వీటిలో ఏది లోపించిందో తెలుసుకోవడానికి ఇంజను విప్పనక్కరలేదు. చాలామటుకు ప్లగ్గు ఊడదీస్తే చాలు.

చోకు వేసి ఐదారుసార్లు తాడు లాగి, వెంటనే ప్లగ్గు తీయండి. మొన పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదన్నమాట. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తున్నది, అంటుకోవడం లేదు. అనుమానం స్పార్కు మీదికి పోవాలి. నడుస్తున్న ఇంజను ప్లగ్గు లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు పాలు ఎక్కువైంది – ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోయినా ఇంతే. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలక వేడెక్కుతున్నది. జిడ్డుగా ఉంటే టూ స్ట్రోకులో ఆయిలు ఎక్కువ కలిపారేమో అడగాలి. ఫోర్ స్ట్రోకులోనైతే రింగులో, వాల్వు గైడులో అరిగి ఉండవచ్చు.

పొడి ప్లగ్గు దొరికితే, ఆ రంధ్రంలో అర చెంచా పెట్రోలు పోసి ప్లగ్గు బిగించి తాడు లాగండి. రెండు క్షణాలు మండి ఆగిపోతే స్పార్కూ కంప్రెషనూ బాగున్నట్టే. ఇక టాంకు నుంచి కార్బ్యురేటరు దాకా వెతకాలి.

స్పార్కు చూడటానికి ప్లగ్గును సిలిండరు లోహానికి ఆనించి తాడు లాగుతారు. రంధ్రానికి దూరంగా ఆనించాలి. లోపలి పెట్రోలు ఆవిరి అంటుకుంటే మొహం కాలుతుంది. ఇక్కడొక మోసం ఉంది. స్పార్కు దూకడానికి కావలసిన వోల్టేజి గాలి ఒత్తిడినిబట్టి మారుతుందని పాషెన్ 1889లో చూపించాడు. బయట స్పార్కు ఇచ్చిన నీరసపు కాయిలు సిలిండరులోని ఒత్తిడిలో చేతులెత్తేయవచ్చు. కాబట్టి స్పార్కు కనబడకపోతే తప్పు ఖాయం, కనబడితే మాత్రం పూర్తిగా నమ్మడానికి లేదు.

కంప్రెషనుకు బొటనవేలు చాలు. రంధ్రాన్ని వేలితో మూసి తాడు లాగితే వేలిని తన్నెయ్యాలి. తన్నకపోతే లోపల కొంచెం ఇంజనాయిలు వేసి మళ్లీ చూడండి. బలం పెరిగితే రింగులు పోయాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

ఇంతవరకూ సులువే. అసలు చిక్కు, కాసేపు నడిచి ఆగిపోయే ఇంజనుతో.

నేను మూడో సంవత్సరంలో ఉండగా, కృష్ణా డెల్టా చివరి భూముల్లో మా పెదనాన్నగారు నారుమడికి మురుగుకాలువ నుంచి చిన్న పెట్రోలు పంపుతో నీళ్లు తోడించేవారు. అది పది నిముషాలు నడిచి ఆగిపోయేది. గంట పోయాక లాగితే మామూలుగా స్టార్టయ్యేది. "మావాడు ఇంజనీరు చదువుతున్నాడు గదా, వాడే చూస్తాడు" అన్నారాయన. నేను ప్లగ్గు మార్చి, కార్బ్యురేటరు కడిగి, వేడెక్కితే కంప్రెషను పోతోందని తీర్మానించి, రింగులు మార్చమని పట్నంలో మెకానిక్కుని ఒప్పించాను. నాలుగు రోజులు పట్టింది. ఆలోగా మడి నెర్రెలిచ్చి నారు సగం ఎండిపోయింది. కొత్త రింగులతో ఇంజను పది నిముషాలు నడిచి ఆగింది.

గట్టు మీద కూర్చున్న ముసలి కూలీ ఒకాయన లేచొచ్చి టాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. తాడు లాగితే ఇంజను అందుకుంది. "నూనె డబ్బాకి ఒక్క చిల్లే పొడిస్తే నూనె దిగుద్దా బాబూ?" అన్నాడు. మూతలోని గాలి రంధ్రం బురదతో పూడుకుపోయింది. పెట్రోలు దిగేకొద్దీ టాంకులో ఒత్తిడి తగ్గి ధార ఆగిపోయేది. గంటలో సందుల గుండా గాలి జొరబడి మళ్లీ నడిచేది. నేను దాన్ని వేడి అనుకున్నాను. పిన్నీసుతో బాగైంది. పెదనాన్నగారు పక్క ఊళ్లో నారు కొన్నారు, నన్నేమీ అనలేదు.

ఇలా ఆగే ఇంజనుకు ముఖ్యంగా ముగ్గురు ముద్దాయిలు. మూత ఒకటి. వేడికి లోపలి చుట్ట తెగిపోయి, చల్లారితే అతుక్కునే కాయిలు రెండోది. ఖాళీ మరీ తక్కువ పెట్టడంవల్ల వేడికి సాగి పూర్తిగా మూసుకోని వాల్వు మూడోది. చల్లారాక ముగ్గురూ అమాయకులే! అందుకే ఆగిన నిముషంలోనే పట్టుకోవాలి. ముందు మూత వదులు చేసి లాగండి. అందుకోకపోతే అప్పటికప్పుడే స్పార్కు, ఆపైన బొటనవేలు. నేను ప్రతిసారీ చల్లారాకనే చూశాను. ఆగే తీరు కూడా చెబుతుంది: పెట్రోలు అందని ఇంజను రొప్పుతూ, ఎగిసిపడుతూ ఆగుతుంది, కాయిలు పోతే స్విచ్చి కట్టినట్టు టక్కున ఆగుతుంది.

ఇంకొకటి, నేటి పెట్రోలు సంగతి. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీలుస్తుంది. మితిమీరితే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. సీజను ముగిశాక టాంకు నింపి మూల పడేసిన ఇంజను మొరాయిస్తే, కార్బ్యురేటరు గిన్నెలోది గాజుసీసాలోకి వంపి కాసేపు ఆగండి. రెండు పొరలుగా విడితే అదంతా పారబోయాల్సిందే.

నాలుగోదైన సమయం సంగతి. అన్నీ బాగుండీ తాడు చేతిని వెనక్కి గుంజుతుంటే ఫ్లైవీలు తీసి కీ చూడండి. మెత్తని ఆ చిన్న ముక్క కాస్త నలిగినా స్పార్కు వేళ తప్పుతుంది.