స్కాన్ కరెక్టే, మరి గోడ మందం ఎందుకు మారింది?

లేజర్ స్కానర్ కట్టడాన్ని కోట్ల చుక్కలుగా కొలుస్తుంది. ఒక్కో చుక్కకీ ఎక్స్, వై, జెడ్ అని మూడు విలువలు. ఇదే పాయింట్ క్లౌడ్. దీన్ని రీక్యాప్‌లో ఆర్‌సీపీ ఫైల్‌గా మార్చి, రెవిట్‌లో ఇన్సర్ట్ ట్యాబ్ నుంచి లింక్ చేస్తాం. ఇంతవరకూ ఈజీనే. అసలు చిక్కు అంకెల్లో ఉంది.

చార్మినార్ స్కాన్ యూటీఎం కోఆర్డినేట్లలో వచ్చిందనుకోండి. యూటీఎంలో ఉత్తరం వైపు దూరాన్ని మన దగ్గర భూమధ్యరేఖ నుంచి కొలుస్తారు. కాబట్టి ఆ విలువ 19 లక్షల మీటర్లు దాటుతుంది. 32 బిట్ల ఫ్లోట్‌లో కచ్చితత్వానికి దక్కేది 24 బిట్లే. అంత పెద్ద అంకె దగ్గర ఒక విలువకీ పక్క విలువకీ మధ్య 12.5 సెంటీమీటర్ల ఖాళీ! తూర్పు పడమరలుగా ఉన్న 9 అంగుళాల గోడ మందం 12.5 సెంటీమీటర్లో, 25 సెంటీమీటర్లో అయిపోతుంది. ఆ కొలత నమ్మి కొత్త దూలం ఆర్డర్ చేస్తే, అది గోడ మీద కూర్చోదు.

రెవిట్ కూడా మోడల్ తన మూలబిందువు నుంచి 16 కిలోమీటర్ల లోపే ఉండాలంటుంది.

పరిష్కారం చిన్న తీసివేతే. కట్టడం దగ్గర ఒక బిందువు ఎంచుకుని, దాని విలువని 64 బిట్లలో ఉండగానే అన్ని చుక్కల్లోంచి తీసేయాలి. ఫ్లోట్‌గా మార్చడం ఆ తర్వాతే. వరస తిరగబడితే పోయిన మిల్లీమీటర్లు తిరిగి రావు. ఒకే సైట్ స్కాన్లన్నిటికీ అదే బిందువు వాడాలి.

తీసేసిన అంకెని మాత్రం పారేయకండి. షేర్డ్ కోఆర్డినేట్స్‌లో ఇస్తే, కట్టడం మళ్లీ మ్యాప్‌లో తన చోటికి చేరుతుంది.