ఇంటి జనరేటరు: వాడుకలోని మెలకువలు

విద్యార్థులారా! 2022 సెప్టెంబరు మొదటి వారమున కురిసిన కుంభవృష్టికి బెళ్ళందూరు, వర్తూరు చెరువుల ప్రాంతము జలమయమైన సంగతి మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. యమలూరులో జనులను పడవలమీదను, ట్రాక్టర్లమీదను బయటికి చేర్చిరి. పెక్కు ఇండ్లలో విద్యుత్తు నిలిచిపోయెను. అట్టి సమయములందు పెట్రోలుతో నడచు చిన్న జనరేటరు ఎంతయో ఉపకరించును. కాని దాని స్వభావమెరుగక వాడినచో ఇంటిలోనివారికేగాక, మనకు కనబడని మరియొకనికిని ప్రాణహాని కలదు.

మొదటి అపాయము పొగవలన కలుగును. ఇంజనులో పెట్రోలు మండునపుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగును లేదు, వాసనయు లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె ఈ విషవాయువును రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అందుచే తలనొప్పి, తలతిరుగుడు, వాంతి కలిగి, తుదకు స్మృతి తప్పును. నిద్రించువాడు మేల్కొనకయే మరణింపవచ్చును. కావున వానకు తడియునని జనరేటరును వరండాలోగాని, బాల్కనీలోగాని, కారుషెడ్డులోగాని పెట్టరాదు. కిటికీలు తెరచినంత మాత్రమున అపాయము తొలగదు. ఇంటికి కనీసము ఇరువది అడుగుల దూరమున, నలుప్రక్కల గాలి ఆడు పైకప్పు క్రింద, పొగగొట్టము ఇంటివైపు తిరుగకుండ ఉంచవలెను. అంత స్థలము లేనివారికి బ్యాటరీతో పనిచేయు ఇన్వర్టరే మేలు. ఇంజను ఆపి, చల్లారిన పిమ్మటనే పెట్రోలు పోయవలెను.

రెండవ అపాయము తీగలగుండ పోవును. కొందరు రెండు కొనలకును ప్లగ్గులు గల తీగతో జనరేటరును గోడలోని సాకెట్టునకు కలుపుదురు. మెయిన్ స్విచ్చి ఆపుట మరచినచో ఆ విద్యుత్తు మీటరును దాటి వీధి తీగలలోనికి పోవును. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల విద్యుత్తును మన ఇండ్లకు తగిన 230 వోల్టులకు తగ్గించునని చదివియున్నారు గదా! విద్యుత్తు ఎదురుదిశగా వచ్చినచో ఆ ట్రాన్స్‌ఫార్మరే దానిని మరల వేలకొలది వోల్టులకు పెంచగలదు. లైనులో విద్యుత్తు లేదని నమ్మి, మనకొరకే వానలో స్తంభమెక్కిన లైన్‌మాన్ ప్రాణము దానిచే పోవచ్చును. ఇందుకు చేంజోవర్ స్విచ్చి తగిన సాధనము. అది ఒక వేళకు వీధి విద్యుత్తునో, జనరేటరునో మాత్రమే ఇంటికి కలుపును, రెండింటిని కలియనీయదు. దానిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేతనే అమర్పించుకొనవలెను. అది లేనిచో ఉపకరణములను మందమైన తీగతో నేరుగా జనరేటరుకే తగిలింపవలెను. తడిచేతులతో దేనిని ముట్టరాదు.

ఇక శక్తి లెక్క. 2 కె.వి.ఏ. జనరేటరు, పవర్ ఫ్యాక్టరు 0.8 అయినచో, 1,600 వాట్లు ఇచ్చును. 9 వాట్ల దీపములు అయిదు, 75 వాట్ల పంకాలు రెండు, 100 వాట్ల టెలివిజను, 150 వాట్ల ఫ్రిజ్జు కలిసి 445 వాట్లు. ఇది సులభముగా నడచును. కాని మోటారుగల ఉపకరణము బయలుదేరు క్షణమున మామూలుకంటె కొన్ని రెట్లు విద్యుత్తు లాగును. అందుచే ఫ్రిజ్జును మొదట తగిలించి, అది నిలకడగా నడచిన పిదప తక్కినవానిని ఒక్కొక్కటిగా వేయవలెను. 2,000 వాట్ల గీజరును దీనికి తగిలింపనే రాదు.

అభ్యాసము: మీ ఇంటి ఉపకరణములపై వ్రాసియున్న వాట్లను పట్టికగా వ్రాసి, విద్యుత్తు లేనివేళ తప్పనిసరియగువానికి గుర్తుపెట్టి మొత్తము కట్టుడు. ఇంటిలో జనరేటరు ఉన్నచో అది ఉంచుచోటును, చేంజోవర్ స్విచ్చి కలదో లేదో పెద్దలతో కూడి పరిశీలింపుడు.