కరువు వేళ బాలికల రక్షణ: పండిత రమాబాయి కృషి

కరువు కాలంలో ధాన్యం ధర పెరుగుతుంది; మనిషి వెల పడిపోతుంది. 1896–97 సంవత్సరాలలో మధ్య పరగణాలను కరువు పీడించినప్పుడు అనాథ బాలికలను కొని వ్యభిచార గృహాలకు తరలించే దళారులు బయలుదేరారు. ఆ సంగతి తెలిసి పండిత రమాబాయి (1858–1922) స్వయంగా అక్కడికి వెళ్లారు.

పౌరాణికుల ఇంట పుట్టిన రమాబాయి యౌవనంలో కరువుకే తల్లిదండ్రులను, అక్కను పోగొట్టుకొన్నారు. 1883లో ఇంగ్లండులో క్రైస్తవ మతం స్వీకరించారు. మత మార్పిడి చేయిస్తున్నారన్న విమర్శ ఆమెను వెన్నాడింది. అయినా ఆమె వెనుదీయక సుమారు 300 మంది బాలికలను, స్త్రీలను పూనా సమీపాన గల కేడ్‌గావ్‌కు చేర్చారు.

అక్కడ వెలసిన ముక్తి సదనం అన్నం పెట్టడంతో ఆగలేదు. చదువుతోపాటు వ్యవసాయం, నేత, ముద్రణ నేర్పింది. రక్షణ పొందిన బాలిక నిరాధారంగా మళ్లీ వీధిన పడితే దళారి తిరిగి ఎదురవుతాడు. చదువు, చేతిపని ఉన్నప్పుడే ఆ రక్షణ నిలుస్తుంది.

1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 23వ అధికరణం ద్వారా మానవ విక్రయాన్ని నిషేధించింది. చట్టం నేరస్థుణ్ణి శిక్షిస్తుంది. ఆకలిగొన్న బిడ్డను దళారికంటె ముందుగా చేరుకోవలసిన బాధ్యత మాత్రం సమాజానిది. ఆలయమైనా, మసీదైనా, చర్చి అయినా అందులో పాలుపంచుకోవలసిందే.